అసలు కన్నా కొసరు ముద్దు

మొన్నామధ్య కార్డు పాయింట్లతో ఏసీ టికెట్ కొట్టేసి తెనాలిలో దిగా. అక్కణ్ణుంచి మా అంగలకుదురుకి ఆటోవాడికి మాత్రం డబ్బులే ఇవ్వాల్సొచ్చింది :)

"ఫ్రీగా వచ్చా" అంటే "ఊరికే ఎవడిస్తాడ్రా?" అంది అమ్మమ్మ. దీని చరిత్ర తవ్వినా తేలేది అదే.

1981 మే 1న అమెరికన్ ఎయిర్‌లైన్స్ 'అడ్వాంటేజ్' పథకం పెట్టింది. ఎటూ ఖాళీగా ఎగిరే సీట్లని పాత గిరాకీకి కొసరు వెయ్యడం, అంతే. 1987లో సిటీబ్యాంక్ కార్డు తోడైంది. ఇక విమానం ఎక్కక్కర్లేదు, పచారీ సరుకులు కొన్నా మైళ్ళే! ఆ మైళ్ళని ఎయిర్‌లైన్స్ బ్యాంకుకి అమ్ముతుంది. బ్యాంకేమో కొట్టువాడి కమీషన్లోంచీ, బాకీ పెట్టినవాడి వడ్డీలోంచీ రాబట్టుకుంటుంది.

మన దేశంలో కింగ్‌ఫిషర్ 2012 అక్టోబర్లో ఆగిపోయింది, దాచుకున్న మైళ్ళతో ఎక్కడానికి విమానమే లేదు. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న ఆగింది. దాని పాయింట్లు మాత్రం 'ఇంటర్‌మైల్స్' అని పేరు మార్చుకుని బతికాయి.

కూరగాయల కొట్లో కొసరు వంకాయ సంచిలో పడేదాకా మనం కదలం. పాయింట్లు వాడి పద్దులోనే ఉంటాయి, రేటు వాడే మారుస్తాడు. అందుకే కూడబెట్టకండి, వాడెయ్యండి. బిల్లు మొత్తం కట్టలేని నెల వస్తే కార్డు బీరువాలో పెట్టండి. వడ్డీ మొదలైతే కొసరుతోపాటు అసలూ పోతుంది.