రోడ్డు సిగ్నలు రైలు దగ్గర నేర్చుకున్నది, నేర్చుకోనిది



వేలూరులో సిగ్నళ్ళు మార్చాలి, అన్నిటినీ ఒకే చోటి నుంచి నడపాలి అనే మాట మనలో చాలాసార్లు వచ్చింది. కొందరు "కంప్యూటర్ పెడితే చాలు, అంతా దారికొస్తుంది" అంటారు. ఇంకొందరు "ఏం పెట్టినా మనవాళ్ళు ఆగరు" అంటారు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది కానీ పూర్తి నిజం లేదు. ఎందుకంటే సిగ్నలు అనే వస్తువు రోడ్డు మీద పుట్టింది కాదు. పట్టాల పక్కన పుట్టి, తర్వాత రోడ్డెక్కింది. వచ్చేటప్పుడు ఏం తెచ్చుకుంది, ఏం వదిలేసి వచ్చింది అన్నది తెలిస్తే, ఇప్పుడు మనం ఏం అడగాలో కూడా తెలుస్తుంది. రైల్వేలో గుమాస్తా ఉద్యోగాలు చేసి వచ్చిన మాలాంటివాళ్ళకు ఈ చరిత్ర కొంచెం దగ్గరిది. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాం. తీరిక చూసుకుని చదవండి.

మొదలు మన జిల్లాలోనే పెడదాం. దక్షిణాదిలో మొదటి ప్యాసింజరు రైలు 1856 జులై 1న మదరాసు రాయపురంలో బయలుదేరి వాలాజా రోడ్డుకు వచ్చింది. సుమారు 100 కిలోమీటర్ల దూరం. వాలాజా అంటే మన పాత ఉత్తర ఆర్కాటు జిల్లాయే. ఆ తర్వాత కొన్నేళ్ళలో లైను కాట్పాడి, గుడియాత్తం మీదుగా జోలార్‌పేట వైపు సాగింది. 1891 ప్రాంతంలో విళుపురం నుంచి వేలూరు మీదుగా పాకాల, ధర్మవరం వైపు మీటర్ గేజి లైను పడింది. రెండు లైన్లు కలిసే చోటు కాబట్టి కాట్పాడి జంక్షన్ అయింది.

రైలు అనగానే ఒక చిక్కు ఉంది. ఎదురుగా ఏదైనా కనబడితే మోటారు బండి పక్కకు తిప్పుకోవచ్చు. రైలు తిరగదు, బ్రేకు వేసినా చాలా దూరం పోయి కానీ నిలవదు. అందుకే ఇంగ్లండులో తొలి రోజుల్లో ఒక బండి పోయాక ఇన్ని నిమిషాలు ఆగి ఇంకో బండిని వదిలేవాళ్ళు. ముందు పోయిన బండి దారిలో చెడిపోయి నిలిచిపోతే వెనకాల బండికి ఎలా తెలుస్తుంది? తెలియదు. ప్రమాదాలు జరిగాకే పద్ధతి మారింది. నిమిషాలను నమ్మడం మానేశారు. ముందున్న స్టేషను "బండి నాకు చేరింది, దారి ఖాళీగా ఉంది" అని టెలిగ్రాఫులో చెబితేనే తరువాతి బండిని వదలాలి అన్నారు. దాన్నే మనం లైన్ క్లియర్ అంటాం. రెండు స్టేషన్ల మధ్య ఒక లైను మీద ఒక్క బండే.

ఇంకో సంగతి. మనకు రైలు వచ్చిన ఆ 1856లోనే ఇంగ్లండులో జాన్ సాక్స్‌బీ అనే ఆయన పాయింట్లనూ సిగ్నళ్ళనూ ఒకదానితో ఒకటి బిగించే ఏర్పాటుకు పేటెంటు తీసుకున్నాడు. ఇంటర్‌లాకింగ్ అంటే అదే. పాయింటు సరిగ్గా పడకపోతే సిగ్నలు లీవరు లాగినా రాదు. కేబిన్‌లో ఉన్న మనిషి ఎంత అలిసిపోయినా, ఎంత తొందరలో ఉన్నా, రెండు బండ్లకు ఒకే దారి ఇవ్వడం అతని చేతిలో లేదు. ఇనుమే ఒప్పుకోదు.

అప్పటి సిగ్నలు అంటే స్తంభం, దానికో రెక్క. మనం చదువుకున్న తమిళంలో దాని పేరు "కైకాట్టి", అంటే చెయ్యి చూపించేది. మన ఇళ్ళలో తెలుగు మాట్లాడేటప్పుడు కూడా "కైకాట్టి పడింది, బండి వస్తోంది" అనేవాళ్ళు. ఆ రెక్కలో ఒక తెలివి ఉంది. దాన్ని లాగే తీగ తెగిపోతే బరువు వల్ల అది తనంతట తానే అడ్డంగా, అంటే "ఆగు" అనే స్థితికి పోతుంది. చెడిపోయిన సిగ్నలు "పో" అని చెప్పకూడదు. రైల్వే మొత్తం ఈ ఒక్క సూత్రం మీద నిలబడి ఉంది.

ఇప్పుడు రోడ్డుకు వద్దాం. లండనులో పార్లమెంటు ముందు గుర్రపు బండ్ల రద్దీ ఎక్కువై, నడిచేవాళ్ళు దెబ్బలు తింటుంటే, జె.పి. నైట్ అనే రైల్వే అధికారి ఒక ఉపాయం చెప్పాడు. 1868 డిసెంబరులో అక్కడ ఒక స్తంభం నిలబెట్టారు. పగలు కైకాట్టి రెక్కలు, రాత్రి గ్యాసుతో వెలిగే ఎర్ర, పచ్చ దీపాలు. కింద నిలబడి పోలీసు తిప్పేవాడు. రైల్వే సిగ్నలునే తెచ్చి నడివీధిలో పెట్టారన్నమాట. ఆ రోజుల్లో పచ్చ అంటే "దూసుకుపో" అని కాదు, "జాగ్రత్తగా రా" అని. నెల తిరక్కుండానే, 1869 జనవరి మొదట్లో, గ్యాసు లీకై దీపం పేలింది. దగ్గరున్న పోలీసు గాయపడ్డాడు. కొన్నాళ్ళకు స్తంభాన్ని పీకేశారు. లండనుకు మళ్ళీ సిగ్నలు దీపం రావడానికి 1920లు రావాల్సి వచ్చింది.

ఒక్క మాట గుర్తు పెట్టుకోండి. ప్రపంచంలో మొదటి రోడ్డు సిగ్నలు బండ్లు వేగంగా పోవడానికి పెట్టింది కాదు. నడిచే మనుషులు రోడ్డు దాటడానికి పెట్టింది.

కరెంటు వచ్చాక కథ అమెరికాకు మారింది. 1914 ఆగస్టు 5న క్లీవ్‌లాండులో ఎర్ర, పచ్చ కరెంటు దీపాలు పెట్టారు. 1920లో డెట్రాయిట్‌లో విలియం పాట్స్ అనే పోలీసు అధికారి పసుపు దీపం కూడా చేర్చి, నాలుగు వైపులకూ కనబడేలా మూడు రంగుల సిగ్నలు తయారు చేశాడు. పసుపు కూడా రైల్వే రంగే. దక్షిణాదిలో మొదటి సిగ్నలు 1953లో మదరాసు ఎగ్మూరు కూడలిలో వచ్చిందని చెబుతారు. బెంగళూరులో 1963లో కార్పొరేషన్ సర్కిల్ దగ్గర వచ్చింది.

అన్నిటినీ ఒక చోటి నుంచి నడపడం కూడా ముందు రైల్వేలోనే. 1927లో అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో సుమారు 40 మైళ్ళ లైనులోని పాయింట్లనూ సిగ్నళ్ళనూ ఒక్క గదిలో ఒక్క మనిషి నడిపే ఏర్పాటు మొదలైంది. రోడ్డు మీద ఆ పని 1960ల మొదట్లో కెనడాలోని టొరంటోలో కంప్యూటరుతో మొదలైంది. తర్వాత ఇంగ్లండు వాళ్ళు స్కూట్, ఆస్ట్రేలియా వాళ్ళు స్కాట్స్ అనే పద్ధతులు తయారు చేశారు. మన దేశంలో తిరువనంతపురం సి-డాక్ వాళ్ళు కోసికోస్ట్ అనే పద్ధతి తయారు చేశారు. మనవాళ్ళ గుంపులుగా పోయే కలగాపులగం ట్రాఫిక్కును, అంటే ఆటో, బస్సు, స్కూటర్ కలిసిన దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసింది. బెంగళూరులో ఈ మధ్య 165 కూడళ్ళకు దీన్నే తీసుకున్నారు. హైదరాబాదులో అంతకు ముందే భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్ళు నగరం సిగ్నళ్ళను ఒక కంట్రోల్ రూముకు కలిపారు.

ఈ పద్ధతులు ఏం చేస్తాయో తేలిగ్గా చెబుతాం. మొదటి రకం, గడియారం సిగ్నలు. బండి ఉన్నా లేకపోయినా ఇన్ని సెకన్లు పచ్చ, ఇన్ని సెకన్లు ఎరుపు. రెండో రకం, కలిపిన సిగ్నళ్ళు. రెండు కూడళ్ళ మధ్య 600 మీటర్లు ఉందనుకోండి. బండ్లు గంటకు 36 కిలోమీటర్లు, అంటే సెకనుకు 10 మీటర్లు పోతాయనుకోండి. మొదటి చోట పచ్చ పడిన 60 సెకన్లకు రెండో చోట పచ్చ పడితే బండి ఆగకుండా పోతుంది. మూడో రకం, లెక్కపెట్టే సిగ్నళ్ళు. కెమెరా గానీ, రోడ్డులో పాతిన తీగ గానీ బండ్లను లెక్కపెట్టి పంపిస్తుంది. దాన్ని బట్టి ఏ వైపు ఎన్ని సెకన్లు ఇవ్వాలో కంప్యూటర్ ప్రతిసారీ మారుస్తుంది.

వినడానికి బాగుంది. కానీ రైలు దగ్గర రోడ్డు దీపాన్ని తీసుకున్నంతగా క్రమశిక్షణను తీసుకోలేదు. ఎక్కడెక్కడో చూద్దాం.

పసుపు దీపం చూడండి. రైలులో పసుపు అంటే "ముందు సిగ్నలు ఎరుపు, ఆగడానికి సిద్ధంగా రా" అని. డ్రైవరు వెంటనే వేగం తగ్గిస్తాడు. రోడ్డు మీద అదే పసుపు పడగానే మనం వేగం పెంచుతాం. రంగు ఒకటే, అర్థం తలకిందులైంది.

రెండోది, దారి ఖాళీ అయిందా అన్న ప్రశ్న. రైల్వేలో ముందు బండి పూర్తిగా పోయిందని తెలిస్తేనే తరువాతి దానికి దారి. రోడ్డు మీద కూడలి మధ్యలో బండ్లు ఇరుక్కుని ఉన్నా సమయం రాగానే అటువైపు పచ్చ పడుతుంది. అన్ని వైపులా ఎరుపు ఉండే ఒకటి రెండు సెకన్లు ఇందుకే పెడతారు. మన రోడ్ల మీద ఆ కాస్త సేపు కూడా హారన్లలో పోతుంది.

మూడోది, చెడిపోతే ఏమవుతుంది? రైల్వేలో ఎరుపు పడుతుంది, బండి ఆగుతుంది. రోడ్డు మీద కరెంటు పోతే దీపమే ఉండదు, పోలీసు వచ్చి చెయ్యి ఎత్తాలి. ఆయన లేకపోతే బలమున్నవాడిదే దారి.

నాలుగోది మా గుమాస్తాల సంగతి. రైల్వేలో సిగ్నలు చెడిపోతే ఎన్ని గంటలకు చెడింది, ఎవరికి చెప్పారు, ఎవరు వచ్చారు, ఎన్ని గంటలకు బాగైంది అన్నీ రిజిస్టరులో ఎక్కాలి. సంతకం ఉండాలి. రిపేరు చేసేవాళ్ళు కూడా ముందు కాగితం ఇచ్చి కానీ సిగ్నలు మీద చెయ్యి వేయకూడదు. సిగ్నలును నిలబెట్టేది దీపం కంటే ఆ రిజిస్టరే అని మా నమ్మకం. కొత్త సామాను మొదటి ఏడాది అందరికీ బాగానే పనిచేస్తుంది. ఐదో ఏడాది పనిచేయాలంటే రాసిపెట్టే మనిషి, బాగుచేసే మనిషి, అందుకు డబ్బు ఉండాలి.

ఇక మన ఊరు. వేలూరు 2008లో కార్పొరేషన్ అయింది. 2016 సెప్టెంబరులో స్మార్ట్ సిటీ జాబితాలో పేరు వచ్చింది. ఆ పథకంలోని నగరాలన్నిటికీ ఒక కమాండ్ కంట్రోల్ సెంటరు అనేది ముఖ్యమైన పని. అంటే కంట్రోల్ రూము అనే ఆలోచన మనకు కొత్త కాదు. ఆ గదిలోని తెరమీద ఎవరు కనబడతారు అన్నదే ప్రశ్న.

సి.ఎం.సి. ఆసుపత్రి ముందు ఐడా స్కడ్డర్ రోడ్డు చూడండి. చిత్తూరు, తిరుపతి నుంచి, బెంగాల్ నుంచి, ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చిన రోగులు, చేతిలో ఎక్స్‌రే కవరుతో, పక్కన ముసలి తల్లిని పట్టుకుని దాటుతుంటారు. లెక్కపెట్టే కెమెరా బండ్లను లెక్కపెడుతుంది. వీళ్ళను లెక్కపెట్టమని ఎవరైనా చెబితేనే లెక్కపెడుతుంది. సిగ్నళ్ళకు మన దేశంలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ళ నియమాలున్నాయి. అందులో నడిచే మనిషి వేగం సెకనుకు 1.2 మీటర్లుగా తీసుకుంటారు. 15 మీటర్ల రోడ్డు దాటడానికి పన్నెండున్నర సెకన్లు. కానీ మోకాలి నొప్పి ఉన్న మన వయసువాళ్ళు సెకనుకు 0.8 మీటర్లు నడిస్తే గొప్ప. వాళ్ళకు దాదాపు 19 సెకన్లు కావాలి. ఆ ఆరున్నర సెకన్లలో మన అక్కో, బావో నడిరోడ్డులో ఉంటారు.

అంబులెన్సు సంగతి కూడా అంతే. రైల్వేలో ప్రమాద స్థలానికి పోయే సహాయ రైలుకు మెయిలు బండిని కూడా పక్కన నిలబెట్టి దారి ఇస్తారు. సిగ్నళ్ళన్నీ ఒకే చోట ఉంటే కాట్పాడి నుంచి ఆసుపత్రి దాకా అంబులెన్సుకు వరసగా పచ్చ ఇవ్వవచ్చు. ఇవ్వాలి అని ముందే రాసుకుంటేనే ఇస్తారు.

యంత్రం సరిపోని రోజు కూడా ఒకటుంది. వైకాసి మొదటి రోజున గుడియాత్తంలో గంగమ్మ శిరసు ఊరేగింపు జరుగుతుంది. కౌండిన్య నది రెండు పక్కల నుంచీ జనం లక్షల్లో వస్తారు. ఆ రోజు ఏ కంప్యూటరూ ఆ రోడ్లను నడపలేదు. పోలీసు చెయ్యి, తాడు, ఈల, మనలాంటి సంఘాల వాలంటీర్లు, వీళ్ళే నడుపుతారు. అందుకే కొత్త పద్ధతి వచ్చినా చేత్తో నడిపే వీలు, నడపడం తెలిసిన మనుషులు ఉండి తీరాలి.

కాబట్టి "సిగ్నళ్ళు మార్చండి" అని మాత్రమే అడిగితే మనకు కొత్త దీపాలు వస్తాయి, అంతే. మన సంఘం తరఫున నాలుగు అడుగుదాం అని మా మనవి. ఆసుపత్రి, బడి, బస్టాండు దగ్గర ముసలివాళ్ళ నడకను బట్టి సెకన్లు. కరెంటు పోయినా ఆగని బ్యాటరీ. ప్రతి సిగ్నలుకూ చెడిపోయిన, బాగుచేసిన సమయం రాసే రిజిస్టరు, అది జనం చూసేలా. అంబులెన్సుకు ముందు దారి.

ఊరికే అడిగితే ఎవరూ వినరు, లెక్కతో అడగాలి. సత్తువాచారి, కాట్పాడి, తోటపాళయం, బాగాయం, గుడియాత్తం సభ్యులు ఈ ఆదివారం, ఆ తర్వాత ఒక పని రోజు, తమ దగ్గరి సిగ్నలు కాడ ఒక అరగంట నిలబడండి. నడిచేవాళ్ళకు ఎన్ని సెకన్లు ఇస్తోంది, రోడ్డు ఎన్ని అడుగులు, పచ్చ ఉండగానే దాటలేకపోయినవాళ్ళు ఎందరు, ఈ మూడూ రాసి పంపండి. పేర్లు, ఫోటోలు వద్దు. అంకెలు చాలు. అన్నీ ఒక పట్టికలో చేర్చి వార్డు ఏరియా సభలోనూ, ట్రాఫిక్ పోలీసు వారికీ ఇద్దాం. పట్టిక వేసే పని మాది.