మన చెరువు గట్టు ఎవరిది?
హోసూరు, కృష్ణగిరి చెరువు గట్లపై అల్లుకున్న సర్కారు తుమ్మ మన చెట్టు కాదు, అమెరికా ఖండాలది. 1877లో, కరువు రోజుల్లో, మద్రాసు ప్రభుత్వం కడప జిల్లా కమలాపురంలో నాటించింది. అప్పటి సేలం జిల్లాలోని మన హోసూరూ ఆ ప్రభుత్వం కిందిదే.

మన పెద్దలు ఎరిగినవి వేరు. కానుగ వేళ్ళు గట్టుమట్టిని పట్టేవి. ఆకు వరిమడికి ఎరువు, గింజల నూనె దీపానికి. ఒక్క చెట్టుకు ఎన్ని కొలువులో! నీటి అంచున తుంగ, వట్టివేరు, వావిలి అలల కోతను ఆపేవి. నీటిపైకి వాలిన ఈతమట్టలకు గిజిగాళ్ళు గూళ్ళు అల్లేవి.

ఈ వానలకు మనం గట్టున మొక్కలు నాటబోతున్నాం కదా. నర్సరీలో సులువుగా దొరుకుతుందని గుల్మొహర్ తేవద్దు. రాలిన కానుగ కాయలు ఇప్పుడే ఏరిపెట్టుకుందాం.