అనుపు మెట్లు - యవనుల మెట్లు

నడికుడిలో మాచర్ల బండి యెక్కి నాగార్జునసాగరమునకుఁ బోవువారు అనుపున ఇటుకమెట్లను చూచి, "ఇది గ్రీకుల రంగస్థలము" అని యొకరితో నొకరు చెప్పుకొనుట కలదు. గ్రీకుల రంగస్థలము వంటిది యన్న నొప్పుకొనవచ్చును. గ్రీకులదే యన్న నొప్పుకొనరాదు.

గ్రీసు దేశమున ఎపిడారసు రంగస్థలమును కొండవాలున అర్ధచంద్రాకారమునకుఁ గొంచెము మించి మలచిరి. సుమారు 14,000 మంది కూర్చుండఁదగిన మెట్లు. వాని పాదమున బృందగానము చేయువారు నర్తించు గుండ్రని నేల. మన విజయపురివాసులు కట్టినది దీర్ఘచతురస్రము. నడుమ పల్లపు నేల, నాలుగు ప్రక్కలను మెట్లు. రోమకుల క్రీడాంగణములవలె అండాకారమును గాదు. ఇందు జరిగినది నాటకమో, మల్లయుద్ధమో, సంగీతమో నిశ్చయింపఁజాలము. పరదేశపు పేరు తగిలించిన మాత్రమున మన కట్టడమునకు గౌరవము హెచ్చునా?

అట్లని యవనసంబంధమే లేదనుటయు సాహసమే. క్రీ. శ. 3వ శతాబ్దమున ఇక్ష్వాకురాజు వీరపురుషదత్తుని కాలమున బోధిసిరి యను ఉపాసిక వ్రాయించిన శాసనమున కాశ్మీర, గాంధార, చీనాదులతోఁ గూడ యవనుల పేరును పండితులు చదివిరి. ఆ లోయలో టిబీరియసు, ఫాస్టినాల బంగారు నాణెములు దొరకినవి. ఒక స్తంభముపై నడుమువఱకు వస్త్రములేక, చేతఁ బానపాత్ర ధరించిన గడ్డపువాఁడు చెక్కఁబడియున్నాఁడు. పెద్ద రాజకార్యములు చేసినది పురుషులే యని తలఁచు మన యిండ్లవారు బోధిసిరి పేరు నొక్కమాఱైన పిల్లలకుఁ జెప్పవలెను.

1926లో సూరపరాజు వేంకటరామయ్య యను ఉపాధ్యాయుఁడు ఒక ప్రాచీనస్తంభమును గుర్తింపఁగా ఈ లోయ లోకమునకుఁ దెలిసినది. 1927 నుండి 1931 వఱకు లాంగ్‌హర్స్టు త్రవ్వించెను. 1955 డిసెంబరు 10వ తేదీని ఆనకట్టకు శంకుస్థాపన జరిగినది. అప్పటికే 1954లో ఆరంభమైన ఆర్. సుబ్రహ్మణ్యముగారి త్రవ్వకములు 1960 వఱకు నడచెను. నీరు రాకమున్నే చూడవలసినదంతయుఁ జూడవలెనను తొందర అది.

డెల్ఫీలో కథ వేఱు. అచ్చట 1892లో ఫ్రెంచివారు త్రవ్వుటకై, శిథిలములపై నిలిచిన కస్త్రీ గ్రామమును ప్రక్కకు మార్చిరి. శిథిలములు కొండమీదనే యున్నవి. మనము ఊళ్ళను మార్చితిమి, శిథిలములనుగూడ మార్చితిమి. దీనిని తప్పనుటకు నాకు నోరు రాదు. ఆ నీటితోఁ బల్నాట వరి పండుచున్నది, ఆ యన్నమే మేమును దినుచున్నాము. నష్టము నష్టమే యని మాత్రము చెప్పుకొనవలెను. కొన్ని కట్టడములు కొండమీఁదికిఁ జేరినవి, కొన్ని అనుపునకు వచ్చినవి. 1966లో కొండపై ప్రదర్శనశాల తెఱవఁబడినది. అనుపున మీరు కూర్చుండు మెట్లు పేర్చి కట్టినవి. అవి మొదట నున్న చోటు జలాశయము క్రింద నున్నది.