పిండిమర యజమాని చెప్పిన మట్టం



"ఇవాళ వోల్టేజి చాలదు, మోటారు వేయకురా" అనే మాట మన పొలాల్లో కొత్త కాదు. అసలు ఈ వోల్టేజి అంటే ఏమిటి? ఆ సంగతి తేల్చిన వారిలో పిండిమర నడుపుకొన్న మనిషి ఒకడున్నాడు. ఆ కథ వినండి.

ముందు నీళ్ళ సంగతి చూద్దాం. చెరువు నిండుగా ఉన్నా, మడి మెరక మీద ఉంటే చుక్క పారదు. నీటిని పారించేది రెండు చోట్ల మట్టాలకు గల తేడా. విద్యుత్తుకు కూడా అట్టి మట్టం కలదు. దానినే పొటెన్షియల్ అంటారు. రెండు చోట్ల పొటెన్షియల్ తేడాయే వోల్టేజి. తీగలో పారేది కరెంటు, పారించేది వోల్టేజి.

1800లో ఇటలీవాడైన అలెస్సాండ్రో వోల్టా వెండి, జింకు బిళ్ళలను జతలుగా పేర్చి, జతకూ జతకూ మధ్య ఉప్పునీట తడిపిన అట్టముక్కలు పెట్టి మొదటి బ్యాటరీ చేసినాడు. జతలు పెంచినకొద్దీ బలం పెరిగినది.

ఆ రోజుల్లోనే ఇంగ్లండులో నాటింగ్‌హాం పక్కన జార్జి గ్రీన్ అనే రొట్టెల వ్యాపారి కొడుకు తండ్రి గాలిమరలో పనిచేసేవాడు. చిన్ననాడు బడిలో చదివినది ఏడాది పైచిలుకు మాత్రమే. అయినా పనిచేసుకుంటూనే గణితం నేర్చినాడు. 1828లో విద్యుత్తు, అయస్కాంతత్వాల మీద ఒక గ్రంథం అచ్చు వేయించినాడు. చందా కట్టి కొన్నవారు సుమారు యాభై మంది. లెక్కల్లో వాడే ఆ మట్టానికి 'పొటెన్షియల్' అన్న పేరు పెట్టినది ఆ పుస్తకమే. కాని పండితలోకం దానిని అంతగా పట్టించుకోలేదు. గ్రీన్ నలభయ్యో ఏట కేంబ్రిడ్జిలో చేరి చదివినాడు, 1841లో కన్నుమూసినాడు. 1845లో విలియం థామ్సన్ ఆ పుస్తకం చూచి, దాని విలువ లోకానికి చాటినాడు. 1849లో జర్మనీ శాస్త్రజ్ఞుడు కిర్కాఫ్, తీగలో కరెంటును పారించేది కూడా ఈ పొటెన్షియల్ తేడాయేనని చూపినాడు. 1881లో పారిస్ మహాసభ ఆ కొలతకు వోల్టా పేరున 'వోల్టు' అని స్థిరపరచినది.

ఇక మన బావి దగ్గరికి వద్దాం. మన ఇళ్ళకు వచ్చే సింగిల్ ఫేజుకు సుమారు 230 వోల్టులు, పంపుల త్రీఫేజుకు సుమారు 415. వోల్టేజి పడిపోయినా పంపు చేయవలసిన పని తగ్గదు. అందుచేత మోటారు కరెంటు ఎక్కువ లాగుతుంది. కరెంటు రెండింతలైతే తీగచుట్టలో వేడి నాలుగింతలు! మోటారు కాలేది అందుకే. స్టార్టరు మీటరు చూచి, వోల్టేజి తగ్గినప్పుడు మోటారు వేయకండి.

మరొక మాట. తీగ మీద పిట్ట వాలితే దానికేమీ కాదు. రెండు కాళ్ళూ ఒకే మట్టాన ఉన్నాయి. నేల మీద నిలబడి మీరు అదే తీగ ముడితే, చేతికీ కాలికీ మధ్య 230 వోల్టుల తేడా! ప్రాణం పోతుంది. మోటారుకు ఎర్తు తీగ ఎందుకో ఇప్పుడు తెలిసినదిగదా. ఎక్కడైనా కరెంటు లీకై మోటారు పైతొడుగుకు తగిలితే, ఎర్తు తీగ దానిని నేలలోకి పంపి, తొడుగును నేల మట్టానికి దగ్గరగా ఉంచుతుంది. కనుక ఎర్తు తీగ తెగినదేమో ఈ పూటే చూచుకోండి. చూచేముందు మెయిన్ స్విచ్చి తీయడం మరవకండి.