జుక్కల్ సర్కిలు, ఉపకార వేతనము

1956వ సంవత్సరపు రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ చట్టమును తెరచి, హైదరాబాదు రాష్ట్రమునుండి ఏయే భూభాగములు ఆంధ్రప్రదేశమున చేరవలెనో తెలుపు మూడవ సెక్షనును చదివినవారికి, జిల్లాల పేర్ల నడుమ జుక్కల్ అను చిన్న పేరొకటి కనబడును. నాందేడు జిల్లా దెగ్లూరు తాలూకానుండి బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లను వేరుచేసి ఆ చట్టము తెలుగు రాష్ట్రమున కలిపెను. ఆ యేడు నవంబరు 1వ తేదీన, ఇంటి గడప దాటకయే జుక్కల్ ప్రజలకు జిల్లా మారెను, రాష్ట్రము మారెను. పిల్లవాడు పై చదువునకు పోవలసిన పట్టణము మారెను. వాని చదువునకు ద్రవ్యమొసగవలసిన ప్రభుత్వమును మారెను. ఈ కడపటి సంగతిని చరిత్ర వ్రాసినవారు అంతగా పట్టించుకొనలేదు. కళాశాల దూరమైన యూరికి, ఖర్చు ఎవరు పెట్టుకొందురను ప్రశ్నయే విద్యాచరిత్రలో సగము పాలని నా నమ్మకము.

కౌలాసు దుర్గమునకు చేరువనున్న ఈ సీమలో ఇంట తెలుగు, అంగట మరాఠీ, పొలిమేర దాటిన కన్నడము వినబడును. భాషలు మూడైనను, పేద విద్యార్థిని పోషించు ప్రాచీనాచారము మాత్రము ఒక్కటియే. బడి గల ఊరికి చేరిన బాలుడు సోమవారమొక ఇంట, మంగళవారమొక ఇంట భుజించుచు, ఏడు గడపల అన్నముతో వారము గడుపుకొనుటను మన మాటలో 'వారాలు చేసికొనుట' యందురు. మరాఠీవారును 'వార' అను ఆ మాటనే వాడుదురు. ఆ యింటి యిల్లాలికి పిల్లవాని ఆకలి తెలియును. ఏ వారమున ఎవరింట వడ్డన కురచయో పిల్లవానికి తెలియును. వారాలు తిని చదివి పెద్దవారైనవారు ఎందరో ఆ గడపలను తుదివరకు తలచుకొనిరి. అయినను ఆ పంక్తి అందరికిని పరచినది కాదు. మాలమాదిగల పిల్లలకు, మరాఠీ వాడలలోని మహారు, మాంగుల పిల్లలకు ఆ యిండ్ల అరుగైనను అందనిదే; ఆడపిల్లల మాట తలపునకే వచ్చియుండదు. దాత మనసును కులమును కలిసి నడచినంత దూరమే ఆ దానము నడచెను.

రాజాదరణమును అట్టిదే. 1895లో సరోజినీదేవి (పిదప సరోజినీ నాయుడు) నిజాము ప్రభువిచ్చిన వేతనముతో ఇంగ్లండున చదువ బయలుదేరెను. ఆమె రాజధానిలో విద్యాధికుని కుమార్తె. 1913లో బరోడా మహారాజు సాయాజీరావు గైక్వాడు నెలకు పదునొకండున్నర పౌనుల చొప్పున మూడేండ్ల వేతనమొసగి అంబేద్కరును కొలంబియా విశ్వవిద్యాలయమునకు పంపెను. ఒక రాజు చేసిన ఆ వ్యయము దేశమునకెంత ఫలించెనో చెప్పనక్కరలేదు. కాని ప్రభువు దృష్టిలో పడని పల్లెకు ప్రభువు దయ వానవంటిది; కురిసిన చోటనే కురియును.

1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉన్నతవిద్యను ఉర్దూలో గరపెను. ఆంగ్లమును తోసిరాజని దేశభాషలో శాస్త్రములు బోధించుట మిక్కిలి గొప్ప సాహసము. జుక్కల్ బాలునకు మాత్రము అది నేర్చుకొనవలసిన మరియొక భాష. అదే యేడు రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డిగారి పూనికతో హైదరాబాదున వెలసిన రెడ్డి హాస్టలు, తెలంగాణపు పల్లెలనుండి వచ్చిన యువకులకు కూడును గూడును కల్పించి, వారాల అన్నమును ఒక సంస్థగా మార్చెను. దయ ఇంటినుండి సంఘమునకు వచ్చినది, ప్రభుత్వమునకింకను రాలేదు.

1944లో బ్రిటిషిండియా ప్రభుత్వము షెడ్యూల్డు కులముల విద్యార్థులకు మెట్రిక్యులేషను పిదపటి చదువునకు వేతనములు నెలకొల్పుటతో ఆ మలుపు వచ్చెను. దానిని మన పత్రికలు, ఆఫీసులు 'ఉపకార వేతన'మనినవి. హక్కుగా రావలసినదానికి ఉపకారమను పేరు నిలిచిపోవుట నాకు ఎన్నడును రుచింపలేదు. వారాల యింటి మర్యాద ఆ మాటలో ఇంకను మిగిలియున్నది.

సర్కారు ధనము వచ్చినచో సర్కారు కొలతలును వచ్చును. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు కళాశాలలలో నూటికి 85 సీట్లను స్థానికులకు కేటాయించి, అర్హత పరీక్షనాటికి ఎడతెగక నాలుగేండ్లు ఆ ప్రాంతమున చదివినవాడే స్థానికుడని నిర్ణయించెను. తెలంగాణకు ఎంతో కాలముగా కావలసిన రక్షణమది; దానిని తప్పుపట్టుట నా యుద్దేశము కాదు. కాని దెగ్లూరులో బంధువుల యింట నివసించి మరాఠీ బడి చదివిన జుక్కల్ పిల్లవాడు ఆ కొలతలో పొరుగువాడగును. 2008 ప్రాంతమున ఫీజు రీయింబర్సుమెంటు వచ్చి, కూలివాని బిడ్డకును ఇంజనీరింగు కళాశాల తలుపు తెరచెను. ఎల్లల లెక్క అప్పుడును తీరలేదు. నూతన తెలంగాణ ప్రభుత్వము 2014లో 'ఫాస్టు' పేరిట తెచ్చిన పథకము, 1956 నవంబరు 1వ తేదీకి పూర్వమే ఈ నేలనున్న కుటుంబముల పిల్లలకే ఫీజు చెల్లింపనెంచినది. ఆ తేదీకి ముందుదినము జుక్కల్ నాందేడు జిల్లాలోని ఊరు! చట్టము తెలుగునేలకు తెచ్చిన దినమునే గీటురాయి చేసినచో, తరతరములుగా అక్కడనే దున్నుకొనుచున్న రైతు ఏ పత్రము చూపి ఎచ్చటివాడననవలెను? మరుసటి యేడు ప్రభుత్వము ఆ పథకమును ఉపసంహరించుకొనెను.

నేడు జుక్కల్ కామారెడ్డి జిల్లాలోనిది. 2016లో మరల జిల్లా మారినది. ఇంటరు ఫలితములు వచ్చిన పిదప మీసేవ కేంద్రముల ముందు తండ్రులు చేతిసంచులతో నిలుచుందురు. సంచిలో తహసీల్దారు ముద్రపడిన ఆదాయ పత్రము, కుల పత్రము, బ్యాంకు పాసుపుస్తకము, ఆధారు, ఆపైన బోనాఫైడుల కట్ట. ఆ కట్టలో అప్పుడప్పుడు ఒక కాగితముపై తెలుగు ముద్రకు మారు దేవనాగరి ముద్ర యుండును. కంప్యూటరు ముందు కూర్చున్న కుర్రవాడు దానిని వెలుతురునకెత్తి చదివి, ఆరు, ఏడు, ఎనిమిది అని తరగతులను వ్రేళ్లపై లెక్కపెట్టును. తండ్రి ఆ వ్రేళ్లవంకనే చూచుచుండును.