నత్త, కొరడా, 7,635 సవరణలు

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ నుంచి అశోక్‌నగర్ సందుల్లోని చాయ్ బండ్ల దాకా, గ్రూప్స్‌కీ సివిల్స్‌కీ చదివే పిల్లల మధ్య ఎప్పటికీ తెగని తగాదా ఒకటుంది.

"అన్నా, రాజ్యాంగ సభ కూసున్నది 165 రోజులా, 166 రోజులా?"

"ఈ బుక్కుల ఒకటుంది, ఆ బుక్కుల ఇంకోటుంది తమ్మీ. కీ వచ్చినంక చూసుకోవాలె."

నిజానికి రెండూ సరైనవే. 1949 నవంబరులో రాజ్యాంగాన్ని ఆమోదించేనాటికి 11 సమావేశాలు, 165 రోజులు. సభ్యులు సంతకాలు పెట్టడానికి 1950 జనవరి 24న కూడిన ఒక్క రోజునూ కలిపితే 166. ఆ 166 అంకె ఎన్‌సీఈఆర్‌టీ 11వ తరగతి రాజనీతిశాస్త్ర పుస్తకంలో ఉంది. అశోక్‌నగర్‌లో పుస్తకాల కట్ట పెట్టుకున్న ప్రతి ఒక్కరి దగ్గరా ఉండే పుస్తకం అది. అందులోని మొదటి అధ్యాయంలో ఒకప్పుడు ఒక బొమ్మ కూడా ఉండేది. ఆ బొమ్మ మీద, దాని కింద రాసిన నాలుగు మాటల మీద దేశం రెండుగా చీలి వాదించుకుంది.

ఢిల్లీ, 1949 ఆగస్టు 28

'శంకర్స్ వీక్లీ' కొత్త సంచిక వచ్చింది. అంతకు ముందేడాది ఆ పత్రికను ప్రారంభిస్తూ, తనను కూడా వదిలిపెట్టొద్దని కార్టూనిస్టు శంకర్‌కు చెప్పింది స్వయానా ప్రధాని నెహ్రూ. శంకర్ ఆ మాటను అక్షరాలా పాటించాడు. ఈ సంచికలో ఒక నత్తను గీశాడు. దాని పేరు రాజ్యాంగం. నత్త మీద కూర్చుని, చేత కొరడా పట్టి తోలుతున్నది డాక్టర్ అంబేద్కర్. వెనకాల నెహ్రూ. ఆయనా కొరడా ఎత్తి ఉన్నాడు. చుట్టూ తమాషా చూస్తున్న జనం.

సరిగ్గా ఆ మర్నాటికి, ఆగస్టు 29కి, అంబేద్కర్ అధ్యక్షుడిగా ఉన్న ముసాయిదా సంఘం ఏర్పడి రెండేళ్లు నిండుతున్నాయి. ఇంత జాప్యం ఎందుకు, ప్రజల సొమ్ము వృథా కాదా అన్న విమర్శ అప్పటికే బాగా వినబడుతోంది. శంకర్ ఆ విమర్శకు బొమ్మ కట్టాడు. అయితే నత్త అంత నెమ్మదిగా ఎందుకు నడుస్తోందో బొమ్మ చెప్పదు. కార్టూన్ పని అది కాదు కూడా.

రాజ్యాంగ సభ, 1949 నవంబరు 25

మూడు నెలలు తిరక్కుండానే సమాధానం వచ్చింది. రాజ్యాంగం ఆమోదం పొందడానికి ముందు రోజు అంబేద్కర్ లేచి నిలబడ్డాడు. లెక్కతోనే మొదలుపెట్టాడు. 1946 డిసెంబరు 9న సభ తొలిసారి కూడినప్పటి నుంచి ఆనాటికి 2 సంవత్సరాల 11 నెలల 17 రోజులు. 165 రోజుల్లో 114 రోజులు ముసాయిదాను పరిశీలించడానికే పట్టాయి. ముసాయిదా సంఘం విడిగా 141 రోజులు కూర్చుంది.

తర్వాత ఇతర దేశాల సంగతి ఎత్తాడు. అమెరికా వాళ్లు 1787లో నాలుగు నెలల్లోపే ముగించారు. ఆస్ట్రేలియాకు తొమ్మిదేళ్లు పట్టింది. అమెరికా రాజ్యాంగంలో ఉన్నవి ఏడు అధికరణలు. మన దాంట్లో 395 అధికరణలు, 8 షెడ్యూళ్లు. అంతకంటే పెద్ద తేడా సవరణల దగ్గరుంది. మన ముసాయిదాకు సుమారు 7,635 సవరణలు వచ్చాయి. వాటిలో 2,473 సభలో ప్రతిపాదనకు వచ్చాయి. ఆ దేశాల రాజ్యాంగకర్తలు ఇలాంటి సవరణలను ఎదుర్కోవలసి రాలేదని ఆయన గుర్తుచేశాడు.

అంతకు ఏడాది ముందే, 1948 నవంబరు 5న, టి.టి.కృష్ణమాచారి అదే సభలో ఇంకో సంగతి బయటపెట్టాడు. ముసాయిదా సంఘానికి ఎంపికైన ఏడుగురిలో ఒకరు రాజీనామా చేశారు, ఒకరు చనిపోయారు, ఒకరు అమెరికాలో ఉండిపోయారు, ఇంకొకరు రాజ్య వ్యవహారాల్లో మునిగిపోయారు, ఒకరిద్దరు అనారోగ్యంతో ఢిల్లీకి దూరంగా ఉన్నారు. చివరికి బరువంతా అంబేద్కర్ మీదే పడిందని చెప్పాడు. ఆ సంఘంలో మన నెల్లూరు జిల్లా పూడూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్, మైసూరు దివానుగా చేసిన న్యాపతి మాధవరావు కూడా ఉన్నారు. నవంబరు 25 నాటి ప్రసంగంలో అంబేద్కర్ పొగడ్తలను తానొక్కడే మూటగట్టుకోలేదు. సలహాదారు బి.ఎన్.రావుకూ, ముఖ్య ముసాయిదాకారుడు ఎస్.ఎన్.ముఖర్జీకీ, సిబ్బందికీ వాటా పంచాడు.

ఢిల్లీ, 2006

యాభై ఏడేళ్లు గడిచాయి. కొత్త పాఠ్యప్రణాళిక ప్రకారం ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు తయారవుతున్నాయి. ముఖ్య సలహాదారులు సుహాస్ పల్షీకర్, యోగేంద్ర యాదవ్. బట్టీ పట్టించే చదువు పోయి పిల్లాడే ప్రశ్న వేసుకోవాలన్నది వాళ్ల సంకల్పం. ఆ సంకల్పం మంచిదే. అందుకే పుస్తకం నిండా కార్టూన్లు పెట్టారు. శంకర్ నత్త కూడా అలాగే వచ్చి చేరింది. కింద రాసిన వ్యాఖ్య సారాంశం ఇది: రాజ్యాంగ రచన నత్తనడక సాగిందని కార్టూనిస్టు అభిప్రాయం, దానికి దాదాపు మూడేళ్లు పట్టింది, ఇంతకాలం ఎందుకు పట్టిందనుకుంటున్నారు?

ప్రశ్నలో తప్పు లేదు. మూడేళ్ల మాటా నిజమే. అదే అధ్యాయంలో సభ చర్చలను గౌరవంగానే వివరించారు. కానీ జాప్యం చేశాడని నింద పడ్డ మనిషి సభలో నిలబడి, అంకెలతో సహా ఇచ్చిన జవాబు బొమ్మ కింద లేదు. నింద బొమ్మకెక్కింది, జవాబు ఎక్కలేదు.

పార్లమెంటు, 2012 మే 11

ఆరేళ్ల తర్వాత ఉభయ సభలూ దద్దరిల్లాయి. తమిళనాడు ఎంపీ తిరుమావళవన్ లోక్‌సభలో పుస్తకం సంగతి లేవనెత్తాడు. మంత్రి కపిల్ సిబల్ ఆ బొమ్మను తీసేస్తామని ప్రకటించాడు. పల్షీకర్, యాదవ్ అదే రోజు రాజీనామా చేశారు. మర్నాడు పుణె విశ్వవిద్యాలయంలో పల్షీకర్ గది మీద దాడి జరిగింది.

పుస్తకం పక్షాన నిలిచినవాళ్లు అన్నది: కొరడా దెబ్బ నత్తకే గానీ మనిషికి కాదు, ఇద్దరు నాయకులూ ఒకే పనికి తొందరపడుతున్నారు, అంబేద్కర్ బతికుండగానే అచ్చయిన బొమ్మ ఇది. ఎదుటివాళ్లు అన్నది: పెద్దింటివాడు ఎత్తిన కొరడా, దాని ముందు దళిత నాయకుడు, చుట్టూ వినోదం చూసే జనం. ఈ దృశ్యాన్ని తరగతి గదిలో ఒక దళిత పిల్లాడు తోటివాళ్ల మధ్య కూర్చుని చూడాలి. 1949లో ఢిల్లీ పాఠకుడు చూసిన చూపూ, ఆ పిల్లాడు చూసే చూపూ ఒకటి కాదు.

ఈ రెండో మాటను తేలిగ్గా తీసేయడానికి వీల్లేదు. కొరడా ఎవరి వీపు మీద ఆడిందో ఈ దేశంలో తరతరాలుగా తెలిసినవాళ్లున్నారు. వాళ్ల బాధను హాస్యం అర్థం కాని అమాయకత్వంగా కొట్టిపారేయడం అన్యాయం. దాడి చేయడం మాత్రం ఏ విధంగానూ సమర్థనీయం కాదు. తర్వాత పుస్తకాలను సమీక్షించడానికి సుఖ్‌దేవ్ థోరట్ నాయకత్వంలో వేసిన సంఘం ఈ బొమ్మతో పాటు మరికొన్నింటినీ తీసేయాలని సిఫారసు చేసింది. సభ్యుల్లో ఎం.ఎస్.ఎస్.పాండియన్ ఒక్కడు విభేదించి తన అసమ్మతిని రాసి ఇచ్చాడు.

బొమ్మ పోయింది. దానితో పాటు జవాబు చెప్పే అవకాశమూ పోయింది. నా ఆవేదనంతా అక్కడే. నత్తనడక అన్న నింద బొమ్మతో మాయం కాలేదు. ఆలస్యమైందట కదా అని కుర్రాళ్లు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. అంకె కంఠస్థం వచ్చినవాళ్లు వేలమంది. ఆ అంకె వెనకున్న శ్రమను చెప్పగలిగినవాళ్లు కొద్దిమంది. సంపాదకుల చేతిలో కత్తెరకంటే ముందు కలం ఉంటుంది. చిత్రాన్ని ఎంచడం ఎంత బాధ్యతో, దాని కింద రాసే మాట అంతకంటే పెద్ద బాధ్యత. పాఠ్యపుస్తకంలో ఆ మాట తీర్పుతో సమానం, ఎందుకంటే పదహారేళ్ల పిల్లలు దాన్ని సత్యమనే చదువుతారు.

ఆ బొమ్మ మళ్లీ ఏ పుస్తకంలోనైనా అచ్చయితే దాని కింద ఉండాల్సింది ఇది: "శంకర్, 1949 ఆగస్టు 28. రాజ్యాంగ రచన ఆలస్యమవుతోందన్న ఆనాటి విమర్శను ఈ కార్టూన్ చూపిస్తుంది. మూడు నెలల తర్వాత అంబేద్కర్ సభలో దీనికి జవాబిచ్చారు: 395 అధికరణలు, ప్రతిపాదనకు వచ్చిన 2,473 సవరణలు, 165 రోజులు. విమర్శ న్యాయమైనదేనా? కొరడా ఎవరి చేతిలో ఉంది, ఎవరి వైపు ఉంది? ఈ బొమ్మ కొందరిని ఎందుకు నొప్పించింది? తరగతిలో చర్చించండి."