అంబాసిడర్ చరిత్రలో లాగ్ బుక్కు చెప్పని సంగతులు

ప్రత్యేక సంచికకు మన సర్వీసు కాలపు చరిత్ర ఏదైనా వ్రాయవలసిందిగా సంపాదకవర్గం వారు కోరారు. జీతాల సవరణల గురించి, సమ్మెల గురించి నాకంటె బాగా వ్రాయగల మిత్రులు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను వాహనాల సీటులో ఏళ్ళ తరబడి పనిచేసిన గుమాస్తాను. అందుచేత మనందరికీ పరిచయమైన అంబాసిడర్ కారు గురించి, దానికి తరచుగా వచ్చిన రెండు జబ్బుల గురించి వ్రాస్తున్నాను. ఒకటి ఇంజను టైమింగు, రెండవది వెనుక బ్రేకులు. ఈ రెండింటికీ గల చుట్టరికం గుర్తించక చేయని తప్పుకు సంజాయిషీ ఇచ్చుకున్న డ్రైవర్లను నేను ఎరుగుదును. అది కూడా మన ఉద్యోగుల చరిత్రలో ఒక భాగమే.

కారు పుట్టుపూర్వోత్తరాలు

బిర్లాల హిందుస్థాన్ మోటార్స్ కంపెనీ 1942లో మొదలైంది. తొలుత గుజరాత్ తీరంలోని ఓఖా రేవులో ఉన్న కర్మాగారం 1948లో కలకత్తా దగ్గరి ఉత్తర్‌పారాకు మారింది. ఇంగ్లండులోని మోరిస్ కార్ల నమూనాలతో అక్కడ మొదట హిందుస్థాన్, ఆ తరువాత ల్యాండ్‌మాస్టర్ కార్లు తయారైనవి. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ సిరీస్ నమూనాపై 1957లో అంబాసిడర్ వచ్చింది. మొదట్లో పాతరకం సైడ్ వాల్వు ఇంజను ఉన్నా, కొద్దికాలానికే 1489 సి.సి. ఓవర్‌హెడ్ వాల్వు ఇంజను వచ్చి స్థిరపడింది. మనం ఎక్కువగా చూసినది ఆ ఇంజనునే.

మన పాఠకులు గమనించవలసిన కాకతాళీయం ఒకటున్నది. ఆంధ్రప్రదేశ్ అవతరించినది 1956 నవంబరు 1న. మరుసటి సంవత్సరమే అంబాసిడర్ వచ్చింది. ఉత్తర్‌పారాలో ఉత్పత్తి నిలిచిపోయినది 2014 మే 24న. సరిగ్గా 9 రోజులకు, జూన్ 2న, రాష్ట్రం రెండుగా విడిపోయింది. ఉమ్మడి రాష్ట్రం ఆయుర్దాయమూ, ఈ కారు ఆయుర్దాయమూ దాదాపు ఒక్కటే.

ఇంతకాలం ఒకే కారు ఎలా నిలిచింది? 1953లో టారిఫ్ కమిషన్ సిఫారసుల మీద, దేశంలో విడిభాగాలు తయారుచేసే ప్రణాళిక లేకుండా కేవలం బిగించి అమ్ముకునే కంపెనీలకు ప్రభుత్వం ద్వారం మూసివేసింది. జనరల్ మోటార్స్, ఫోర్డ్ కంపెనీలు వెళ్ళిపోయినవి. అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ కార్లే మిగిలినవి. 1983 డిసెంబరులో మారుతి వచ్చేవరకు ఈ పరిస్థితి పెద్దగా మారలేదు. దీని వలన కొత్తదనం రాలేదన్నది నిజమే గాని, ఒక మేలు కూడా జరిగింది. విజయవాడ ఆటోనగర్ మొదలు చిన్న తాలూకా కేంద్రం వరకు, చెట్టు క్రింద కూర్చున్న మేస్త్రీకి కూడా ఈ ఇంజను కొట్టినపిండి అయింది. సామాను ఎక్కడైనా దొరికేది. ఆ కారు ఉత్తర్‌పారాలో పుట్టినా, దానిని అంతకాలం నడిపించినది ఆ మేస్త్రీలే.

టైమింగు అంటే ఏమిటి?

పెట్రోలు ఇంజనులో పిస్టన్ పైకి వచ్చి గ్యాసును అదిమిన సమయానికి, పై అంచుకు చేరడానికి కాస్త ముందుగా, ప్లగ్గులో నిప్పురవ్వ పడాలి. మరీ ముందు పడితే ‘అడ్వాన్సు’, ఆలస్యమైతే ‘రిటార్డు’. అడ్వాన్సు ఎక్కువైతే ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను గణగణమని నాకింగ్ కొడుతుంది. హ్యాండిల్ వేసి స్టార్టు చేసే రోజుల్లో అది వెనక్కు తన్ని మణికట్టు విరగగొట్టేది. రిటార్డు అయితే పికప్ ఉండదు, రేడియేటరు కాగుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది.

నిప్పురవ్వను సమయానికి పంపేది డిస్ట్రిబ్యూటరు. అందులో కాంటాక్టు పాయింట్లు విడిపోయిన క్షణంలోనే రవ్వ పుడుతుంది. ఆ పాయింట్ల మధ్య ఖాళీ అంగుళంలో వెయ్యింట 15 వంతులు, అంటే సుమారు 0.4 మిల్లీమీటరు ఉండాలి. కామ్ మీద రాసుకునే ఫైబరు మడమ అరిగే కొద్దీ ఖాళీ తగ్గుతుంది. ఖాళీ తగ్గితే పాయింట్లు ఆలస్యంగా విడిపోతాయి, అంటే ఎవరూ చెయ్యి పెట్టకుండానే టైమింగు రిటార్డు అవుతుంది. కనుక పాయింట్ల ఖాళీ సరిచేయకుండా డిస్ట్రిబ్యూటరును త్రిప్పడం, లెడ్జరు తప్పుగా ఉంచి క్యాష్ బుక్కు దిద్దడం వంటిది.

తెలిసిన మేస్త్రీలు పాటించిన వరుస ఇది. ముందు పాయింట్లు శుభ్రం చేసి ఫిల్లర్ గేజితో ఖాళీ చూడాలి. పాయింట్లు తరచు కాలి గుంటలు పడుతుంటే కండెన్సరు మార్చాలి. వాక్యూమ్ పైపును నోటితో పీల్చి లోపలి పళ్ళెం కదులుతున్నదో లేదో చూడాలి. కదలకపోతే డయాఫ్రమ్ చిరిగినట్లే. తరువాత ఒకటవ సిలిండరు ప్లగ్గు తీసి రంధ్రం మీద బొటనవేలు ఉంచి ఇంజను త్రిప్పాలి. వేలిని గాలి తోసినప్పుడే అది అదిమే దశ అని అర్థం. ఇది చూడకపోతే సగం చుట్టు తేడాతో డిస్ట్రిబ్యూటరు బిగించే ప్రమాదమున్నది. పుల్లీ మీది గాటును సూచికకు ఎదురుగా తెచ్చి, చిన్న బల్బు కలిపి, అది వెలిగే క్షణంలో డిస్ట్రిబ్యూటరును బిగించాలి. వైర్ల వరుస 1, 3, 4, 2. చివరగా రోడ్డు మీద టాప్ గేరులో యాక్సిలరేటరు నొక్కితే లేశమాత్రం నాకింగ్ వినిపించి వెంటనే పోవాలి. ఇంతచేసినా టైమింగు నిలవకపోతే, ఇంజను ముందుభాగంలో గలగలమనే టైమింగ్ చెయిన్ సాగిందేమో చూడాలి.

వెనుక బ్రేకుల కథ

వెనుక చక్రాల బ్రేకులు డ్రమ్ములలో ఉండేవి. కాలి బ్రేకుతో పాటు హ్యాండ్ బ్రేకు భారం కూడా వాటిదే. వాటికి వచ్చే జబ్బులు రెండు రకాలు: పట్టకపోవడం, పట్టి వదలకపోవడం.

పట్టకపోవడానికి కారణం తరచుగా చమురు. డ్రమ్ము విప్పితే షూలు తడిసి ఉంటాయి. ఆ తడి చిక్కగా, గేరు ఆయిలు వాసనతో ఉంటే యాక్సిలు ఆయిల్ సీలు పోయినట్లు. పలుచగా ఉంటే వీల్ సిలిండరు రబ్బరు కప్పులు పోయినట్లు. సీలు మార్చినా మళ్ళీ కారుతుంటే డిఫరెన్షియల్ మీది గాలి రంధ్రం మట్టితో మూసుకుపోయి లోపలి ఒత్తిడి ఆయిలును బయటికి నెడుతున్నదని గ్రహించాలి. తడిసిన లైనింగును పెట్రోలుతో కడిగి మళ్ళీ వేయడం పొదుపు కాదు, ప్రాణంతో చెలగాటం. పాత లైనింగుల పొడిలో ఆస్‌బెస్టాస్ ఉండేది. దానిని నోటితో ఊదరాదు, తడిగుడ్డతో తుడవాలి.

ఇక పట్టి వదలకపోవడం. పెడల్ వదిలినా షూ డ్రమ్మును రాసుకుంటూనే ఉంటుంది. ఒక్క చక్రమే వేడెక్కితే వీల్ సిలిండరో, బిగుసుకున్న హ్యాండ్ బ్రేకు కేబులో కారణం. నాలుగు చక్రాలూ వేడెక్కితే మాస్టర్ సిలిండరును చూడాలి. వెనుకవి రెండే వేడెక్కితే, ఆ రెండింటికీ ద్రవాన్ని చేరవేసే ఒకే ఒక రబ్బరు హోస్ పైపును అనుమానించాలి. ఆ పైపు పైకి బాగానే కనిపించినా లోపల ఉబ్బి ఉంటుంది. కాలి బలానికి ద్రవం లోపలికి పోతుంది గాని, స్ప్రింగు బలానికి తిరిగి రాలేదు. పట్టిన చక్రం దగ్గర బ్లీడర్ నిపిల్ కొద్దిగా వదిలితే చక్రం స్వేచ్ఛగా తిరిగిందంటే ఒత్తిడి లోపల చిక్కుకున్నట్లే.

రెండింటి చుట్టరికం

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. వెనుక బ్రేకు రాసుకుంటున్న కారులో కనిపించే లక్షణాలు ఏమిటి? పికప్ లేకపోవడం, ఇంజను కాగడం, పెట్రోలు ఎక్కువ తాగడం. టైమింగు రిటార్డు అయినప్పుడు కనిపించేవీ అవే! డ్రైవరు సీటులో కూర్చున్నవారికి తేడా తెలియదు. లాగ్ బుక్కుకు అసలే తెలియదు. దానికి తెలిసినవి కిలోమీటర్లు, లీటర్లు మాత్రమే.

1979లో నేను పనిచేసిన ఒక జిల్లా కార్యాలయంలో కారు లీటరుకు 9 కిలోమీటర్లు ఇచ్చేది కాస్తా రెండు నెలల్లో 7కు దిగింది. ఆడిట్ వారు అభ్యంతరం వ్రాశారు. పెట్రోలు అమ్ముకుంటున్నాడన్న అనుమానంతో డ్రైవరుకు మెమో ఇచ్చారు. తేడా మొత్తాన్ని జీతంలో రికవరీ చేయాలని ప్రతిపాదన కూడా నడిచింది. ముగ్గురు ఆడపిల్లల తండ్రి, ఇరవయ్యేళ్ళ సర్వీసు గల మనిషి. సంజాయిషీలో ఏమి వ్రాయాలో తెలియక నా సీటు ప్రక్కన నిలబడి, ‘మీరే చెప్పండి గుమాస్తాగారూ’ అన్నాడు. అప్పటికే మరమ్మత్తు షాపులో డిస్ట్రిబ్యూటరును రెండుసార్లు త్రిప్పి, రెండు బిల్లులు ఇచ్చారు. ఫలితం లేదు.

బిల్లులలో చక్రాల ప్రస్తావన లేదని చూపుతూ, మరొకచోట పరీక్ష చేయించవలసిందని నోటు పెట్టాను. అధికారి అనుమతించారు. పెద్ద వయసు మేస్త్రీ ఒకాయన బానెట్టు కూడా ఎత్తలేదు. కారును కొంతదూరం నడిపి, బ్రేకు ఒకసారి తొక్కి వదిలి, సమతలంలో న్యూట్రల్ చేశాడు. కారు దొర్లకుండా ఆగిపోయింది. వెనుక డ్రమ్ములు రెండూ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నవి. హోస్ పైపు మార్చి, త్రిప్పేసిన టైమింగును యథాస్థానానికి తెచ్చాడు. తరువాతి నెల లాగ్ బుక్కు మళ్ళీ 9 చూపింది. మెమో ఉపసంహరించారు. ఆ డ్రైవరు గౌరవంగా పదవీ విరమణ చేశాడు.

నేటి పరిస్థితి

ఆ తరువాత కాలం మారింది. 1990ల తొలి సంవత్సరాలలో అంబాసిడరుకు ఇసుజు ఇంజను వచ్చింది. 2000 ఫిబ్రవరి 1 నుండి దేశమంతటా సీసం లేని పెట్రోలు వచ్చింది. పాత ఇంజను వాల్వు సీట్లకు ఆ సీసమే మెత్తలా పనిచేసేది కనుక, అప్పటినుండి వాల్వుల గ్యాపులు తరచు చూసుకోవలసి వచ్చింది. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తున్నది. పాత రబ్బరు పెట్రోలు పైపులకు అది పడదు. 15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్లు 2023 ఏప్రిల్ 1 నుండి రద్దయినందున కార్యాలయాల ఆవరణలలో మిగిలిన అంబాసిడర్లు కూడా తుక్కుకు పోవలసినవే. అయితే వేలంలో కొన్న బండినో, తండ్రిగారి కారునో ప్రేమగా ఉంచుకున్న సభ్యులు మనలో ఇంకా కొందరున్నారు.

వారికి నా మనవి ఒక్కటే. బండి బరువుగా నడుస్తున్నదనిపిస్తే డిస్ట్రిబ్యూటరు మీద చెయ్యి వేయకముందు వెనుక చక్రాలు జాకీ మీద లేపి చేతితో త్రిప్పి చూడండి. ముందు చక్రాలకు చెక్కలు అడ్డంపెట్టడం, జాకీ ఒక్కదానినే నమ్మక స్టాండు వేయడం మరువకండి. రబ్బరు హోసులు, కప్పులు చూపుకు బాగున్నా వయసు మీరితే మార్చండి. హ్యాండ్ బ్రేకు పట్టకపోతే కేబులు బిగించడం కాదు, ముందు షూలు సర్దండి. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బ్రేకు మీదనే ఆధారపడక చిన్న గేరులో దిగండి.

ఇంకా సర్వీసులో ఉన్న మన పిల్లలకు కూడా ఒక మాట. లాగ్ బుక్కులో అంకెలు తగ్గినప్పుడు మనిషికి మెమో టైపు చేయడానికి ముందు యంత్రాన్ని పూర్తిగా పరీక్ష చేయించండి. పరీక్షకు ఒక పూట చాలు. పోయిన పరువు తిరిగి రావడానికి ఒక సర్వీసు కాలం కూడా చాలదు.